ఎర్ర దీపం, మా వదిన ఫోను

మా ఇంట్లో ఇంటర్నెట్ దీపం ఎర్రబడినప్పుడల్లా మా వదిన ఫోన్ చేసేది. లేదా, మా వదిన ఫోన్ చేసినప్పుడల్లా దీపం ఎర్రబడేది. ఈ రెంటిలో ఏది ముందో, ఏది వెనకో తెలుసుకోవాలన్న కుతూహలం తప్ప నాకు వేరే దురుద్దేశం లేదు. చివరికి తెలిసింది. తెలిసేసరికి మా ఇనుప తలుపుకి తాళం ఉండాల్సిన చోట బత్తాయిపండంత కన్నం ఉంది.

మొదటి నుంచి చెబుతాను. టీ పోసుకోండి.

మన కీలుంగ్ రేవు ఊళ్లో వానకి వేళాపాళా లేదని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆరేసిన చొక్కా ఆరిందో లేదో చేత్తో కాదు, ముక్కుతో తెలుసుకుంటాం. గదిలో తేమ లాగే యంత్రం మా ఇంట్లో మూడో మనిషి. దాని పొట్టలో నీళ్లు పారబోసి తుడిచినంత ప్రేమగా మా ఆవిడ నా వీపు ఎన్నడూ తుడవలేదు.

పడవ టికెట్ల కిటికీ వెనక ఉద్యోగం చేసి రిటైరయ్యాక నాకు మిగిలిన వ్యసనం వెయ్‌చీ ఒక్కటే. నల్లరాళ్లు ఒకరివి, తెల్లరాళ్లు ఒకరివి, ఒకరి జాగాను ఒకరు చుట్టుముట్టడం. సాయంత్రం చెత్త బండి పాట పాడుకుంటూ మా సందులోకి వచ్చి వెళ్లాక, కంప్యూటర్ ముందు కూర్చుని ముఖం తెలియని ఒక మనిషితో ఆడతాను. ఆయన పెట్టుకున్న పేరు వానకొంగ. ఆట మధ్యలో నెట్ ఆగిపోతుంది కానీ ఆటలో నా గడియారం ఆగదు. వేళ మించిపోయి నేను ఓడినట్టు వస్తుంది. నెట్ తిరిగి వచ్చేసరికి కొంగ నుంచి ఒక ముక్క వచ్చి ఉంటుంది: "పెద్దాయనా, నిద్రపోయారా?"

సరిగ్గా ఆ వేళకే మా ఆవిడ యూ-షియాకి వాళ్లక్క యూ-లువాన్ ఫోన్ చేసేది.

మా వదిన ఉండేది ర్వేఫాంగ్‌లో, రైలెక్కితే ఎంతో దూరం కాదు. బట్టలు సరిచేసే కుట్టు దుకాణం ఆవిడది. నా తోడల్లుడు కిందటి చలికాలంలో పోయాడు. అప్పటి నుంచి ఆ దుకాణం షట్టరు సగం దించే ఉంది. మేము చూడటానికి వెళితే టీ ఇచ్చి, "చూశారుగా, బాగానే ఉన్నాను, మీ రైలు వేళయింది" అనేది. ఫోన్ చేస్తే, "చెప్పడానికేముంది" అని పెట్టేసేది. ఆవిడగా ఇల్లు కదిలి రావడమన్నది లేనే లేదు.

అలాంటి మనిషి ఈ వానలు ముదిరాక ఉన్నట్టుండి రోజూ తనే ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ఎందుకో నాకు తెలియదు. మా ఆవిడ మాత్రం ఆ వేళకి చెత్త సంచిని బండిలోకి బంతిలా విసిరి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చేది. మోకాళ్ల నొప్పులని నా చేత పిండి బస్తా మోయించే మనిషి ఆవిడ.

"యూ-షియా, మీ అక్క ఫోన్ మోగగానే దీపం ఎర్రబడుతోంది. గమనించావా?" అన్నాను ఒకరోజు.

"మీరు దీపాన్ని చూస్తూ కూర్చుంటారు, మీరు గమనిస్తారు. నేను మనుషుల్ని చూస్తాను."

"కాస్త ముందో వెనకో చేయమని చెప్పరాదూ?"

"ఏమని చెప్పను? మా ఆయన ఒక కొంగతో రాళ్లాడుకుంటారు, ఆయన ఓడిపోయాక నువ్వు ఫోన్ చేయి అనా?"

"ఓడిపోయాక అని ఎందుకు, గెలిచాక అనవచ్చుగా."

"గెలిచాక అంటే మా అక్క ఏళ్ల తరబడి ఎదురుచూడాలి."

ఈ మాట అన్నాక ఆవిడ గొంతు తగ్గించింది. "ఏమండీ, నెలల తరబడి నోరు విప్పని మనిషి ఇప్పుడిప్పుడే విప్పుతోంది. మీ దీపం ఏ రంగన్నా కానీండి. ఆ ఫోన్ మాత్రం ఆగకూడదు."

ఆగకూడదని నాకూ ఉంది. చనిపోయినవాడు నాకు తోడల్లుడే కాదు, నాతో ఎదురుగా కూర్చుని రాళ్లాడిన చివరి మనిషి కూడా. అయితే దీపం ఎందుకు ఎర్రబడుతుందో తెలుసుకోవడంలో తప్పేముంది? మా ఆవిడ కూరగాయలకి వెళ్లిన సమయం చూసి, ఇంటి ఫోను నుంచే టెలిఫోన్ ఆఫీసుకి కంప్లైంట్ చేశాను.

చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. "లైనులో చప్పుడు వస్తోందా సర్?"

"వస్తోందమ్మా. మూకుడులో వేరుశనగలు వేయిస్తున్నట్టు."

"ఇప్పుడూ వస్తోందా?"

చెవి రిక్కించాను. "ఇప్పుడు లేదు."

"దీపం ఏ రంగులో ఉంది సర్?"

ఫోన్ ఎత్తేటప్పుడు ఎర్రగా ఉంది. ఇప్పుడు చూస్తే నారుమడిలా పచ్చగా ఉంది. చెప్పాను.

"సంతోషం సర్. ఇంకేమైనా సహాయం కావాలా?"

అయినా పట్టుబట్టి లైన్‌మన్‌ని పంపమన్నాను. వచ్చాడు. పేరు వెన్. భారీ మనిషి, మర్యాదస్తుడు. సందు మొదట్లోంచి ఇంటికి ఫోన్ చేసి, "సర్, వచ్చేస్తున్నాను, ఇంట్లో ఉన్నారుగా?" అని అడిగి మరీ వచ్చాడు. బూట్లు విప్పి, తడిసిన మేజోళ్లతో నేల పాడవకుండా మునివేళ్ల మీద నడుస్తూ, చేతిలో మీటరుతో గోడంతా తడిమి, "అంతా నార్మల్ సర్" అన్నాడు.

మళ్లీ ఎర్రబడింది. మళ్లీ కంప్లైంట్. మళ్లీ సందు మొదట్లోంచి ఫోన్, మునివేళ్ల నడక, అంతా నార్మల్. ఆయన వెళ్లాక, "ఎవరు వచ్చింది?" అంది మా ఆవిడ నేల మీది తడి చూసి. "నార్మల్ వెన్" అన్నాను. ఆ పేరు నిలిచిపోయింది.

రెండోసారి వచ్చినప్పుడు ఆయన సంచిలోంచి మొక్కజొన్న ఉబ్బుల చిరుతిండి ఆకుపచ్చ ప్యాకెట్ ఒకటి తీసి మోడెమ్ నెత్తిన పెట్టాడు. మన ఆఫీసుల్లో యంత్రాల మీద పెడతారే, అదే.

"ఆకుపచ్చదే ఉండాలి సర్. పసుపుది పెడితే దీపం పసుపవుతుంది. విప్పకూడదు, గడువు దాటకూడదు, ఎవరూ తినకూడదు. యంత్రం బుద్ధిగా ఉంటుంది."

"నిజంగా పనిచేస్తుందా?"

వెన్ నిజాయితీపరుడు. "అది పెట్టని యంత్రం మా ఆఫీసులో ఒక్కటీ లేదు సర్. అందుకని చెప్పలేను."

ప్యాకెట్ పెట్టిన మర్నాడే వాన దంచి కొట్టింది. పొద్దుటి నుంచే దీపం ఎర్రగా ఉంది. మూడో కంప్లైంట్ ఇచ్చాను, ఈసారి మా ఆవిడ చెవిన పడకుండా కిందింటి దుకాణం ఫోను నుంచి. ఇంటికి వచ్చి, జ్వరం తగ్గేలోపు డాక్టరు చూడాలని పిల్లవాడి పక్కన కూర్చున్న తండ్రిలా మోడెమ్ పక్కన కూర్చున్నాను. ఎర్రగానే ఉంది. సంతోషంగా ఉంది నాకు. ఇంతలో ఫోన్ మోగింది.

"సర్, వచ్చేస్తున్నాను, ఇంట్లో ఉన్నారుగా?"

నా కళ్లముందే ఆ ఎర్ర దీపం రెండు మూడుసార్లు కొట్టుకుని, ఆరి, పచ్చగా వెలిగి, అలాగే నిలబడిపోయింది. ఇన్‌స్పెక్టరు గడప దగ్గరికి రాగానే చేతులు కట్టుకునే పిల్లల్లాగా.

వెన్ వచ్చి నార్మల్ అని వెళ్లాడు. తర్వాత రోజు దీపం ఎర్రబడే దాకా ఆగి, ఎవరికి చేయాలో తోచక, గడియారం వేళ చెప్పే నంబరుకి ఫోన్ చేశాను. వేళ చెబుతుండగానే దీపం పచ్చబడింది.

ఇన్నాళ్లూ నేను తలకిందులుగా చూస్తున్నాను. ఫోను జబ్బు కాదు, మందు. వానకి ఎక్కడో జాయింటు పట్టు వదిలేస్తోంది. ఫోన్ మోగినా, మనం ఎత్తి మాట్లాడినా ఆ విసురుకి మళ్లీ అతుక్కుంటోంది. మా వదిన ఫోన్ చేసినప్పుడు దీపం ఎర్రగా ఉండటం నిజమే. అయితే అది అంతకుముందే ఎర్రబడి ఉంది. ఆవిడ ఫోన్ వల్లే బాగవుతోంది.

మీరంటారు, మందు దొరికిందిగా, రోజూ వేళ చెప్పే నంబరుకి ఫోన్ చేసుకుని సుఖంగా ఉండవచ్చుగా అని. ఉండవచ్చు. కానీ ఆ జాయింటు ఎక్కడుందో? ఎలా ఉందో? మనిషన్నాక చూడాలనిపించదా?

మా ఆవిడకి చెప్పలేదు. లైన్‌మన్ చేత పట్టించి, అప్పుడు చెప్పి, ఒక్కసారైనా ఆవిడ నోరు వెళ్లబెట్టేలా చేయాలని ఉంది. వెన్‌కి దుకాణం నుంచి ఫోన్ చేశాను.

"ఈసారి ముందు ఫోన్ చేయకుండా రండి. మీరు ఫోన్ చేస్తే జబ్బు కనపడకుండా పోతోంది."

"ఫోన్ చేయకుండా వస్తే నా ఉద్యోగం కనపడకుండా పోతుంది సర్. రూలు."

"అయితే చేయండి. నేను ఎత్తను. అయినా రండి."

"ఎత్తకపోతే ఇంట్లో లేరని తిరిగి వెళ్లాలి. కానీ ఉంటారని మీరే ఇప్పుడు చెప్పారు. సరే సర్. రేపు మీ ఇల్లు చివరన పెట్టుకుంటాను. సాయంత్రం, చెత్త బండి కన్నా ముందే వచ్చేస్తాను."

ఆయన అలవాటు కొద్దీ ఎన్నిసార్లు మోగించినా మందు పడకుండా ఉండాలని, మర్నాడు సాయంత్రం నేను ఫోను తీగని గోడలోంచి లాగేసి బీరువా వెనక పడేశాను. మోడెమ్ తీగ వేరు, దాని దారిన అది ఉంది. దీపం ఎర్రగా, స్థిరంగా, చూడముచ్చటగా వెలుగుతోంది. వెన్ వస్తాడు, చూస్తాడు, నేను తీగ మళ్లీ తగిలిస్తాను, వదిన ఫోన్ వేళకి అంతా మామూలే. ఇదీ నా లెక్క. నాకు సెల్ ఫోన్ లేదు, మా ఆవిడది చేపల అంగడిలో బకెట్లో పడి, ఆరడానికి బియ్యం డబ్బాలో పడుకుని ఉంది. అది మాత్రం నా పని కాదు.

వానకి రోడ్డు మీద నీళ్లు నిలిచి వెన్ ఆలస్యమయ్యాడు. చెత్త బండి పాట వచ్చింది. పోయింది. మా ఆవిడ మెట్లెక్కి వచ్చింది.

"అక్క చేసిందా?"

"లేదే."

"మోగితే మీరు ఎత్తలేదా?"

"మోగందే ఎలా ఎత్తను?" ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, గమనించండి.

ఆవిడ తనే రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకుంది. "చచ్చిపోయింది. చప్పుడే లేదు."

"వాన."

"ఎంత వానకైనా వేరుశనగల చప్పుడు వచ్చేదిగా."

"నానిపోయి ఉంటాయి."

నా ముఖంలోకి అదోలా చూసింది. లైన్‌మన్ దారిలో ఉన్నాడని చెప్పాను. "తలంతా తడిసింది, స్నానం చేసి వస్తాను. అప్పటికీ బాగవకపోతే కింద దుకాణం నుంచి చేస్తాను" అని లోపలికి వెళ్లింది. నీళ్ల చప్పుడు, తేమ యంత్రం చప్పుడు, బయట వాన.

అప్పుడొచ్చాడు వెన్. గడపలోంచే దీపాన్ని చూశాడు.

"ఎరుపు సర్" అన్నాడు, జీవితంలో మొదటిసారి మంచు పడటం చూసిన మనిషిలా.

"చెప్పానా?"

"మిమ్మల్ని నమ్మనందుకు క్షమించండి." మీటరు పెట్టాడు, ముల్లు చూసి ముచ్చటపడ్డాడు. తీగల డబ్బా మేడ మీద ఉంది. ఆయన పైకెక్కుతుంటే గొడుగు పట్టడానికి నేనూ వెళ్లాను. తలుపు నా వెనకే పడింది.

ఇక రెండో వైపు ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. నేను పీకేసిన ఫోను మా ఇంట్లో మోగడం లేదు. మా వదిన చెవిలో మాత్రం మోగుతూనే ఉంది. ఆవిడ పెట్టేసి మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. నా తోడల్లుడు పోయిన రోజున కూడా ఆవిడ దుకాణం నుంచి ఇంటికి ఇలాగే చేసింది. ఇలాగే మోగింది.

మా పేట పెద్ద లాన్ గారి నంబరు ఆవిడ దగ్గర ఉంది. లాన్ గారంటే తెలుసుగా, ఎన్నికల్లో మైకు చెడిపోతే గొంతుతోనే గెలిచిన మనిషి. మా వదిన ఫోన్ అందుకుని లాన్ గారు వచ్చి మా తలుపు బాదింది. దీపాలు వెలుగుతున్నాయి, పలికేవాళ్లు లేరు. నీళ్ల చప్పుడులో మా ఆవిడకి, మేడ మీద వాన హోరులో మాకు ఏమీ వినపడలేదు. పక్కింటివాళ్లు పోగయ్యారు. తాళాలవాడు వచ్చాడు. వాడు మంచి పనివాడు, డ్రిల్లు పెట్టి తాళాన్ని తొలిచేశాడు.

మా ఆవిడ నెత్తిన ప్లాస్టిక్ టోపీతో స్నానాలగది తలుపు తీసేసరికి హాల్లో సగం సందు నిలబడి ఉంది.

"బతికే ఉంది" అని లాన్ గారు ఓడరేవు దాకా వినిపించేలా ప్రకటించి, ఆవిడని కావలించుకుంది.

"స్నానానికి వెళ్లేముందు పేటకి చెప్పి వెళ్లాలా అమ్మా?" అంది మా ఆవిడ.

సరిగ్గా అప్పుడు నేనూ వెన్ మెట్లు దిగి వచ్చాం. మా ఆవిడ నన్ను చూసింది. తలుపుకున్న కన్నం చూసింది. బీరువా వెనక నుంచి తోకలా బయటికి వచ్చిన ఫోను తీగని చూసింది. ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

జనం సర్దుకుంటుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. మా వదిన. ఇంట్లో వేసుకునే చెప్పులు, మోకాళ్ల దాకా తడి, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. గొడుగు లేదు. గుమ్మంలో నిలబడి మా ఆవిడని చూసింది, నన్ను చూసింది.

"ఇద్దరూ ఉన్నారు" అంది, ఎవరితోనూ కాదు. వచ్చి కుర్చీలో కూర్చుంది.

లాన్ గారు ఆ ముఖం చూసి, జన్మలో మొదటిసారి గొంతు తగ్గించి, అందరినీ తీసుకుని వెళ్లిపోయింది.

మా ఆవిడ అక్కకి తువ్వాలు ఇచ్చి, నన్ను వంటింట్లోకి లాగింది.

"లైనుకి జబ్బుందని నాకు ముందే తెలుసు" అంది గుసగుసగా. "వానలు ముదిరినప్పుడే చూశాను, ఫోన్ మోగితే బాగవుతోందని. అక్కకి చెప్పాను. సాయంత్రం నువ్వు ఫోన్ చేస్తేనే మా నెట్ నడుస్తుంది, రోజూ చేసి పెట్టు అని."

"రిసీవర్ ఎత్తి మనం ఎవరికి చేసినా బాగవుతుందిగా?"

"అవుతుంది. ఆ ముక్క అక్కకి చెప్పలేదు."

నాకు అప్పుడు వెలిగింది.

"ఊరికే మాట్లాడమంటే మాట్లాడదు. పనుంది చేసి పెట్టమంటే చేస్తుంది. జన్మంతా అంతే. మొదట్లో రెండు ముక్కలే. దీపం పచ్చబడిందా, సరే, ఉంటాను. తర్వాత్తర్వాత ఆ సరేకీ ఉంటానుకీ మధ్యలో మాటలు వచ్చాయి. ఇప్పుడు ఆ మనిషి మీ జాయింటు బాగుచేసేశాడనుకోండి..."

"చేయలేదు. సామాను కోసం కిందికి వచ్చాడు."

"అయితే ఆపండి."

హాల్లోకి వచ్చాను. వెన్ సంచిలోంచి కొత్త తీగ, పట్టకారు తీస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"వెన్ గారూ, అక్కర్లేదండి. అంతా నార్మల్."

ఆయన నా వైపు, దీపం వైపు చూశాడు. "ఎర్రగా ఉంది సర్."

"కొన్ని దీపాలు అలాగే ఉంటాయి."

"పైన జాయింటు చిలుము పట్టిపోయింది. ముట్టుకుంటే ఊడి వచ్చేలా ఉంది. మీరూ చూశారు."

"నాకు శుక్లాలు."

"జబ్బుంది జబ్బుందని మీరే కదా సర్ ఇన్నిసార్లు పిలిచారు?"

"మీరు లేదు లేదన్నారు. బాగా ఆలోచించి ఒప్పుకుంటున్నాను."

వెన్ పెద్ద శరీరం కొద్దిగా కుంగింది. "సర్, నేను వచ్చిన ఇళ్లలో జబ్బు కళ్లారా కనపడటం ఈ మధ్య ఇదే. పది నిమిషాల పని. చేయనివ్వండి."

అప్పుడు కరకరమని చప్పుడైంది. తిరిగి చూశాం. మా వదిన మోడెమ్ నెత్తి మీది ఆకుపచ్చ ప్యాకెట్ విప్పి, ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటోంది.

"అమ్మా, అది తినకూడదు, యంత్రానికి పెట్టింది..." అంటూ వెన్ చేయి చాపాడు. మా ఆవిడ ఆ చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"తిననివ్వండి" అంది.

మేము వెళ్లినప్పుడల్లా పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంచిన మనిషి మా వదిన. ప్యాకెట్ సగం అయ్యాక తలెత్తింది. "కొబ్బరి రుచి" అంది. మా ఆవిడ వెళ్లి చేప ఉండల పులుసు వేడిచేసి గిన్నెలో తెచ్చి పెట్టింది. అదీ తాగింది. మేము ముగ్గురం, వెన్ కూడా, ఆ గిన్నె ఖాళీ అయ్యేదాకా నిలబడే ఉన్నాం.

"లైన్‌మన్ గారూ," అంది వదిన మూతి తుడుచుకుని, "వెళ్లి బాగుచేయండి."

"వద్దు వదినా," అన్నాను. "మాకు మీ ఫోనుతోనే..."

"మరిదీ, రిసీవర్ ఎత్తి గడియారం వేళ అడిగినా ఆ దీపం పచ్చబడుతుంది. ఆ మాత్రం నాకు తెలియదనుకున్నారా? మా ఇంట్లోనూ ఇలాంటి లైనే, మాదీ ఇదే వాన."

మా ఆవిడ చేతిలో గిన్నె ఆగిపోయింది. "తెలిసీ రోజూ చేశావా అక్కా?"

"నువ్వు చేయమన్నావుగా. ఎందుకు చేయమన్నావా అని ఆలోచించాను. ఇంట్లో మాట్లాడే దిక్కు లేక, ఆ మాట చెప్పుకోలేక, లైను వంక పెట్టింది పాపం అనుకున్నాను. మీ ఆయన సంగతి నాకు తెలియదా? పొద్దుగూకితే కొంగ ముందు కూర్చుంటాడు. మా ఆయన ఉన్నన్నాళ్లు ఇద్దరూ కలిసి కూర్చునేవాళ్లు, మనిద్దరం కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు నువ్వొక్కదానివే. నా సంగతి సరే, నీకు కాసేపైనా తోడుండాలని చేశాను."

"నేను నీకోసం చేయించాను."

"నేను నీకోసం చేశాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి నన్ను చూశారు. ఇన్నాళ్లూ ఆ ఇద్దరూ ఒకరికొకరు వైద్యం చేసుకుంటున్నారని, జబ్బు నేనని నాకు అర్థమైంది.

"నేను వెళ్లి గొడుగు పట్టనా?" అన్నాను వెన్‌తో.

"పట్టండి సర్" అన్నాడాయన జాలిగా.

జాయింటు చూశాను. చిన్నగోరంత లేదు. ఆకుపచ్చగా చిలుము పట్టి, రెండు తీగలు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉన్నాయి. వెన్ కత్తిరించి, గీకి, కొత్త ముక్క వేసి అతికాడు. దిగి వచ్చేసరికి మా ఆవిడ ఫోను తీగ గోడకి తగిలించేసింది, దీపం పచ్చగా ఉంది. ఈసారి ఆయన "అంతా నార్మల్" అంటే ఎవరమూ నవ్వలేదు.

వదిన ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. మర్నాడు పొద్దున్నే ర్వేఫాంగ్ రైలెక్కింది. మా ఆవిడ చెప్పులు, మా ఆవిడ గొడుగు తీసుకెళ్లింది. ఎక్కేముందు, "ఇంక మీ లైను బాగైపోయిందిగా" అంది. ఫోన్ చేస్తాననీ అనలేదు, చేయననీ అనలేదు.

ఆ సాయంత్రం చెత్త బండి వచ్చి వెళ్లింది. మా ఆవిడ మెట్లెక్కి వచ్చింది. ఒక్కొక్క మెట్టే. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నెట్ పరుగెడుతోంది. కొంగ రాయి వేసింది. నేనూ వేశాను. మా ఆవిడ ఒక కప్పు తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. ఫోను మోగలేదు.

ఆవిడ అదే కప్పు తుడుస్తోంది.

కొంగ మళ్లీ రాయి వేసింది. నేను లేచి ఫోను దగ్గరికి వెళ్లాను.

"ఎవరికి?" అంది.

"మీ అక్కకి."

ఆవిడ చేయి ఆగింది. పెళ్లయ్యాక వాళ్లక్కకి నా అంతట నేను ఫోన్ చేయడం అదే మొదలు. "చేసి ఏమంటారు?"

"లైను బాగుందో లేదో చూద్దామని చేశాననంటాను."

"బాగుందని దీపం చెబుతోందిగా."

"దీపం మాట నమ్మి నేను బాగుపడింది లేదు."

చేశాను. ఎంగేజ్. పెట్టేసి మళ్లీ చేశాను. ఎంగేజ్.

"ఎవరితోనో మాట్లాడుతోంది" అన్నాను.

"మంచిదే. ఎవరితో మాట్లాడితేనేం" అంది మా ఆవిడ. అని కప్పు ఇంకా గట్టిగా తుడిచింది.

మళ్లీ చేశాను. "షట్టరు పైకెత్తి ఉంటుంది. ఎవరో గిరాకీ అయి ఉంటారు." మళ్లీ చేశాను. కంప్యూటర్లో నా గడియారం అయిపోవస్తోంది. కొంగ ఏదో రాసింది, చదవలేదు. మళ్లీ చేశాను. ఎంగేజ్.

మా ఆవిడ కప్పు బల్ల మీద పెట్టి లేచి వచ్చింది. నా చేతిలోంచి రిసీవర్ తీసుకుని దాని చోట పెట్టి, దాని మీద చేయి వేసి నిలబడింది.

"ఏమండీ, ఒక్క సాయం చేస్తారా? కాసేపు ఏమీ చేయకుండా ఉండగలరా?"

"ఉండగలను."

"అయితే ఉండండి."

ఉన్నాను. నాకు అలవాటు లేని పని. వాన చినుకులు, తేమ యంత్రం మూలుగు. మా ఆవిడ చేయి అలాగే ఫోను మీద ఉంది.

ఆ చేయి కింద ఫోన్ మోగింది.

ఆవిడ చేయి తీసి వెనక్కి జరిగింది. "మీరే ఎత్తండి" అంది.

ఎత్తాను.

"ఏమయ్యా మరిదీ," అంది వదిన, "ఎంతసేపటి నుంచి చేస్తున్నాను, ఎప్పుడు చూసినా ఎంగేజే. ఎవరితోనయ్యా అన్ని మాటలు?"

"మీతోనే, వదినా" అన్నాను.